జాతర సెలవుల్లో పోయిన ప్రోగ్రాం

మా మిల్లు మేనేజరు సుందర్ రావు గారికి యంత్రాలంటే భయం. యంత్రాలు తెలిసినవాళ్ళంటే అసహ్యం. ఈ రెండూ బయటపడకుండా ఆయన రోజూ గోధుమరంగు సఫారీ సూటు వేసుకుని, జేబులో మూడు పెన్నులు పెట్టుకుని వచ్చేవాడు. వాటిలో రెండింటికి సిరా ఉండదని నాకు మొదటిరోజే తెలిసింది. నా ఉద్యోగపు కాగితం మీద సంతకం పెట్టడానికి మూడూ గీసి చూశాడు మరి.

ఆ కాగితం ప్రకారం నాకు ఆరు నెలల గడువు. ఎనభై ఏడు ఆగస్టు పదిన చేరాను. ఎనభై ఎనిమిది ఫిబ్రవరి పదికి పని నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే ఇంటికి. మిల్లు మడికొండ దారిలో ఉండేది. పత్తిలోంచి గింజ తీసి, ఆ దూదిని నొక్కి బేళ్ళు కట్టేవాళ్ళు. ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివిన ఆడపిల్లకు ఆ రోజుల్లో వరంగల్ మొత్తం ఇచ్చిన సలహా ఒక్కటే, బ్యాంకు పరీక్ష రాయమని. మా క్లాసులో ఫస్టు వచ్చినవాడు ఆ పరీక్షే రాసి జనగామలో డ్రాఫ్టుల మీద ముద్రలు కొడుతున్నాడు. దాన్ని తలచుకుని వాడు గర్వపడతాడట కూడా. నాకు ముద్రలు వద్దు. నాకు ఆ ప్రెస్సు కావాలి.

ప్రెస్సంటే రెండంతస్తుల ఎత్తున్న ఇనుప పెట్టె. దూది వచ్చి అందులో పడుతుంది. పైనుంచి ఇనుప దిమ్మె దిగి నొక్కుతుంది. పదిహేనేళ్ళ పాటు దాన్ని నడిపింది గోడనిండా ఉన్న రిలేల ప్యానెల్. ఒక్కో రిలే ఒక్కో చిన్న స్విచ్చు. తలుపు మూసుకుంటే ఒకటి టక్కుమంటుంది, పంపు తిరిగితే ఇంకోటి టక్కుమంటుంది. యజమానులు ఆ గోడంత ప్యానెల్‌ను పీకించి, దాని స్థానంలో చెప్పుల పెట్టె అంత కంప్యూటర్‌ను పెట్టించారు. పేరు పీఎల్‌సీ. మిల్లులో అందరూ డబ్బా అనేవాళ్ళు. తలుపు మూసుకుందా, నూనె ఒత్తిడి వచ్చిందా, ఎర్ర బటన్ ఎవరూ నొక్కలేదా, ఈ మూడూ సరే అయితేనే దిమ్మె దిగాలి అని దానికి వరుసగా రాసి ఎక్కించాలి. అట్లాంటి వరుసలు నాలుగు వందల పైచిలుకు. ప్రోగ్రాం అంటే అదే. దాన్ని చూసుకోవడమే నా పని.

"మీటలు నొక్కుడే గద. టైపు నేర్చిన పిల్లను పెట్టుకున్నా అయిపోయేది" అని సుందర్ రావు గారు నా ముందే హెడ్డాఫీసుకు ఫోనులో చెప్పాడు. నేను అక్కడున్నానని ఆయనకు తెలుసు. నేనొక ఫ్యాను అనుకున్నాడేమో.

డబ్బాను బిగించడానికి హైదరాబాద్ నుంచి వచ్చినవాడు రాంచందర్. కంపెనీ ఇంజనీరు. నాలుగు రోజులు హనుమకొండలో లాడ్జిలో ఉండి, అక్కడి బిర్యానీ బాగాలేదని రోజూ మా అందరికీ చెప్పి, మిగిలిన సమయంలో ప్రోగ్రాం ఎక్కించాడు. నొక్కిన దూదికి ఆడవాళ్ళు ఇనుప పట్టీలు కట్టాలి కదా, దానికి ఎనిమిది సెకన్లు ఇచ్చాడు. ఎనిమిది సెకన్లు కాగానే తలుపు కదులుతుంది. చేతులు లోపల ఉన్నా సరే కదులుతుంది. ఎనిమిది సెకన్లలో ఆయన తన బూటు లేసు కట్టుకోలేడు. ఆయన రైలెక్కిన మర్నాడే ఆ వరుసలు చెరిపేశాను. పట్టీలు కట్టే సమ్మమ్మ చేతులు బయటికి తీసి, కాలితో పెడల్ తొక్కితే తప్ప తలుపు కదలకుండా కొత్తవి రాశాను. సమ్మమ్మ ఆ పెడల్‌ను తొక్కేటప్పుడల్లా నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేది. నాకు జీతం కన్నా అదే ఎక్కువ ఇష్టంగా ఉండేది.

ఇక ఎలక్ట్రీషియన్ మొండయ్య. ఇరవై రెండేళ్ళ సర్వీసు, చెవి మీద బీడీ, నోట్లో వెటకారం. పాత ప్యానెల్ టకటకలు విని ఏ రిలే చెడిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడట. ఆ ముచ్చట నాకు వారానికి రెండుసార్లు వినిపించేవాడు.

"సప్పుడు జేయని మిషిను, మాట్లాడని కోడలు రెండు ఒక్కటే బిడ్డా. లోపట ఏమున్నదో ఎవలకెర్క."

"నేను మాట్లాడే కోడల్నే కదా కాకా."

"నువ్వు మాట్లాడ్తవు. అది పెద్ద బాధనాయె."

తను సన్నటి తీగ చుట్టిన ఫ్యూజు కాలిపోయినా డబ్బాదే తప్పనేవాడు. వర్షానికి మోటారు తడిసినా డబ్బాదే తప్పు. ఆయన జ్ఞానం మీద నాకు కొంచెం కూడా గౌరవం లేదు. ఆయన చేతి మీద మాత్రం ఉండేది. కరెంటున్న తీగను ముట్టుకోకుండా గుర్తుపట్టే చేయి అది.

ఈ గొడవల మధ్యలో నవంబరులో నాకు పెళ్ళయింది. పౌలు హనుమకొండలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాడు. మనిషి పొడుగు, లూనా పొట్టి. ఆయన మోకాళ్ళు రెండూ హ్యాండిలు పక్కకు వచ్చేవి. వెనక నేను, నా ఒళ్ళో టిఫిను డబ్బా. దాని మీద మా ఇద్దరి పేర్లూ చెక్కించి ఇచ్చింది మా అత్తమ్మ దీనమ్మ. కొత్తవాడలో రెండు గదుల ఇల్లు మాది. గోడకవతల మగ్గం. జంపఖానా నేసే చప్పుడుకే పొద్దున లేచేవాళ్ళం. పాలు పొంగిపోతే ఇద్దరం నవ్వేవాళ్ళం. అప్పుడు పాలు పొంగడం కూడా అంత బాగుండేది. మిల్లులో ఎంతమంది మూర్ఖులున్నా సాయంత్రం ఐదున్నరకు గేటు బయట ఆ మోకాళ్ళు కనిపించగానే వాళ్ళంతా మాయమైపోయేవాళ్ళు.

ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. రెండేళ్ళకోసారి వచ్చే జాతర. మిల్లులో మనిషన్నవాడు ఉండడు. పత్తి సీజను నడుమ అయినా సరే, నాలుగు రోజులు మూయాల్సిందే. సుందర్ రావు గారు కూడా కుటుంబంతో జీపులో పోయాడు. మొండయ్య అలవాటు ప్రకారం మెయిన్ బంద్ చేసి పోయాడు. నేను, పౌలు రెండు సినిమాలు చూశాం, ఒకరోజు అన్నం మాడ్చుకున్నాం, ఒకరోజు అసలు వండనే లేదు.

సోమవారం పొద్దున మిల్లు తెరిచారు. గేటు బయట పత్తి బండ్లు మైలు పొడుగునా ఉన్నాయి. సమ్మమ్మ జాతర నుంచి తెచ్చిన బంగారం నా అరచేతిలో పెట్టింది. బంగారమంటే అమ్మవార్లకు మొక్కిన బెల్లం. నోట్లో వేసుకున్నాను. ప్రతి ఆదివారం చర్చికి పోయే అత్తమ్మకు చెప్పాల్సిన పని లేదనుకున్నాను. చాలా బాగుంది.

మొండయ్య మెయిన్ వేశాడు. నేను స్టార్టు బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. డబ్బా మీద ఎర్ర దీపం వెలిగి అట్లాగే ఉంది. ప్రోగ్రాం చూసే చిన్న యంత్రం ఒకటుంటుంది, చేతిలో పట్టేంత, దాని తీగను డబ్బాకు గుచ్చాను. మొదటి వరుస ఖాళీ. పదో వరుస ఖాళీ. వందో వరుస ఖాళీ. బెల్లం నా నోట్లో అట్లాగే ఆగిపోయింది.

"ఏమైంది?" అంటూ సుందర్ రావు గారు వచ్చాడు.

"ప్రోగ్రాం లేదు సార్."

"లేదంటే? ఎటువోయింది?"

"జాతరకు పోయింది కావచ్చు సారూ. జనంల తప్పిపోయింది" అన్నాడు మొండయ్య. అక్కడున్న పదిమందీ నవ్వారు. సమ్మమ్మ నవ్వలేదు.

"నా రిలేలు పదిహేనేండ్లు ఉన్నయి. ఒక్కటన్న జాతరకు పోయిందా?" అని మొండయ్య ఇంకొంచెం పెంచాడు.

సుందర్ రావు గారు నవ్వకుండా నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం కన్నా ఊరట ఎక్కువ కనిపించింది. నన్ను పంపేయడానికి వెతుకుతున్న కారణం పొద్దున్నే దొరికితే ఎవరికైనా అట్లాగే ఉంటుంది. "చూడమ్మా విమలా, బుధవారంతోటి నీ ఆర్నెల్లు అయిపోతయి. నీ రాత గిట్ల గాలికి పోయే రాతైతే నేను పైకి ఏం రాయాలె?" అని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు.

పీఎల్‌సీలో ప్రోగ్రాం ఊరికే పోదు. కరెంటు లేనప్పుడు దాన్ని కాపాడడానికి లోపల వేలెడంత బ్యాటరీ ఒకటుంటుంది. దాని చిన్న మూత తీశాను. బ్యాటరీ లేదు. పన్ను పీకిన చిగురులాగా ఆ చోటు ఖాళీగా ఉంది. డబ్బాను బిగించిన కొత్త ప్యానెల్ తలుపుకు తాళం ఉంటుంది. రెండు తాళంచెవుల్లో ఒకటి నా దగ్గర, ఒకటి మేనేజరు దగ్గర. నేను తీయలేదు.

ఆయన గదికి పోయాను. ఆయన ఫోనులో ఉన్నాడు, కూర్చోమనలేదు. నిలబడి కిటికీ వైపు చూశాను. కిటికీ అరుగు మీద ఎండ బాగా పడుతోంది. ఆ ఎండలో ఒక పాత వార్తాపత్రిక పరిచి ఉంది. దాని మీద నాలుగు టార్చిలైటు సెల్లులు వరుసగా ఉన్నాయి. వాటి పక్కనే, బుద్ధిగా, అదే వరుసలో, నా డబ్బా బ్యాటరీ.

ఆయన ఫోను పెట్టేదాకా నేను కదల్లేదు.

"సార్, ఇది ఇక్కడికి ఎట్లా వచ్చింది?"

"అదా. ఫారిన్‌ది, ఇక్కడ దొరకదని చెప్పిండు గద రాంచందర్. నాలుగు రోజులు మిల్లు బంద్, ఊకెనే అరుగుడెందుకని తీసి పెట్టిన." ఏ మాత్రం సిగ్గు లేదు. పైగా మెచ్చుకుంటానని చూస్తున్నాడు. "జాతర్ల టార్చిలైటు సెల్లులు మెత్తవడ్డయి. వాటితోని దీన్ని గూడ ఎండకు పెట్టిన. జర బలం వస్తది."

ఎండకు సెల్లులు పెట్టడం మా ఊళ్ళో అందరూ చేసేదే. మా నాన్న కూడా రేడియో సెల్లులు తీసి, ఎండబెట్టి, వార్తల సమయానికి మళ్ళీ వేసేవాడు. కాకపోతే మా నాన్న డ్రిల్లు మాస్టారు. ఆయన్ని నమ్మి ఎవరూ ప్రెస్సును అప్పగించలేదు.

"సార్, కరెంటు ఉన్నప్పుడు దీనికి పనే లేదు. మెయిన్ బంద్ చేసినప్పుడే దీని పని. ప్రోగ్రాంను గుర్తుపెట్టేది ఇదే. మెయిన్ బంద్ చేసి దీన్ని కూడా తీస్తే డబ్బా అంతా మర్చిపోతుంది."

"అంతనా?"

"అంతా."

ఆయన లేచి తలుపు మూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. కిటికీ వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు.

"ఈ ముచ్చట బయట ఎవలకన్న చెప్పినవా?"

"ఇప్పుడే కదా సార్ నాకూ తెలిసింది."

"ముందుగాల మిషిన్ నడిపియ్యి. అవతల బండ్లు నిలవడ్డయి. తర్వాత మాట్లాడుదాం."

రాంచందర్‌కు ఫోను చేస్తే ఆయన ఇంకో ఊళ్ళో ఉన్నాడు, పన్నెండు రోజుల తర్వాత వస్తానన్నాడు. పాత ప్రోగ్రాం క్యాసెట్టు తన దగ్గరుందన్నాడు. అంటే ఆ ఎనిమిది సెకన్ల ప్రోగ్రాం. "మీరేదో తప్పు మీట నొక్కి ఉంటారు" అని కూడా అన్నాడు. వందల మైళ్ళ దూరం నుంచి ఏమీ చూడకుండా అంత నమ్మకంగా మాట్లాడగలగడం ఒక విద్య.

నాకు ఆయన క్యాసెట్టు అక్కర్లేదు. నేను మార్చిన వరుసలతో సహా ప్రోగ్రాం మొత్తాన్నీ రెండు వందల పేజీల నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నది జాగ్రత్త కొద్దీ కాదు. రాంచందర్ చేసిన తప్పులను ఎర్ర సిరాతో చుట్టడంలో నాకొక ఆనందం ఉండేది. మధ్యాహ్నం మిల్లు మనిషిని సైకిలు మీద పౌలు కాలేజీకి పంపాను. ఆయన మిగిలిన క్లాసులు ఇంకొకరికి అప్పగించి, ఇంటికెళ్ళి నోటుబుక్కు తీసుకుని లూనా మీద వచ్చాడు.

"ఎంత చదవాలి?"

"నాలుగు వందల ముప్పై ఆరు వరుసలు. మీరు చదవండి, నేను మీట నొక్కుతాను. ఒక్కటి పోతే అన్నీ పోయినట్టే."

ప్యానెల్ గదిలో స్టూలు మీద కూర్చుని ఆయన మొదలుపెట్టాడు. ఆదివారం గుడిలో వాక్యం చదివే గొంతు ఆయనది. అదే గొంతుతో, అంతే భక్తిగా, "ఎక్స్ ఏడు. ఆండ్ నాట్, వై మూడు. అవుట్, వై నాలుగు" అని చదువుతున్నాడు. అర్థం ఒక్కటీ తెలియదు. కానీ ఒక్కో వరుసా అయ్యాక ఊపిరి తీసుకుని నా వైపు చూసేవాడు. నేను తల ఊపితే తర్వాతది. ఆ చిన్న యంత్రం మీద మీటలు కందిగింజలంత ఉంటాయి. సాయంత్రానికి నా బొటనవేలు వాచింది. ఇంటికి పోయేదారిలో హనుమకొండ చౌరస్తాలో మిరపకాయ బజ్జీలు తినిపించాడు. ఎడమచేత్తో తిన్నాను. పర్మనెంటు అవుతుందో లేదో తెలియని మనిషి అంత రుచిగా బజ్జీలు తినకూడదు.

మంగళవారం పొద్దున పౌలు సెలవు పెట్టి వచ్చి మిగతా వరుసలు చదువుతుంటే, మొండయ్య గది గడప దగ్గర నిలబడి వింటున్నాడు.

"ఏం మంత్రం సదువుతాండు బిడ్డా మీ ఆయన?"

"మీ రిలేల పేర్లే కాకా. వరసగా పిలుస్తున్నాడు."

"పిలిస్తె వస్తయా?"

"మీరు కొంచెం పక్కకు జరిగితే వస్తాయి, వెలుతురు అడ్డం వస్తున్నారు."

మధ్యాహ్నానికి అయిపోయింది. బ్యాటరీని దాని చోట్లో పెట్టాను. దూది లేకుండా ప్రెస్సును నడిపి చూశాను. తలుపు మూసుకుంది, పంపు తిరిగింది, దిమ్మె దిగలేదు. సుందర్ రావు గారు అక్కడే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను మొదటి వరుస నుంచి మళ్ళీ చూసుకుంటూ వచ్చాను. మూడు వందల పన్నెండో వరుస లేదు. నోటుబుక్కులో ఉంది, డబ్బాలో లేదు.

"ఇది ఎట్లా తప్పిపోయింది?" అని పౌలును మెల్లగా అడిగాను.

"అప్పుడు నీ జడ ముందుకు పడింది" అన్నాడు అంతకన్నా మెల్లగా.

ఆ వరుసను ఎక్కించాను. దిమ్మె దిగింది. సాయంత్రం నాలుగింటికి మొదటి బేలు బయటికి వచ్చింది. సమ్మమ్మ పట్టీలు బిగించి, చేతులు బయటికి తీసి, పెడల్ తొక్కి, నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. బయట బండ్లు కదిలాయి.

బుధవారం పదింటికి నన్ను ఆఫీసుకు పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. మొదటిది నన్ను కంట్రోల్ ఇంజనీరుగా పర్మనెంటు చేస్తున్నట్టు టైపు చేసిన ఉత్తరం. నా పేరు తప్పులేకుండా ఉంది. సంతకం ఒక్కటే లేదు. రెండోది హెడ్డాఫీసుకు పంపే రిపోర్టు. దాని చివర 'ఇంజనీరు సంతకం' అని ఒక ఖాళీ గీత.

రిపోర్టు చదివాను. ఎలక్ట్రీషియన్ మొండయ్య సెలవులకు ముందు ఎవరినీ అడగకుండా మెయిన్ స్విచ్చు బంద్ చేసినందువల్ల ప్రోగ్రాం చెరిగిపోయి, మిల్లు రెండు రోజులు ఆగిపోయింది, అతనిపై చర్య తీసుకోవాలని కోరడమైనది అని ఉంది. బ్యాటరీ అన్న మాటే లేదు.

"దీంట్ల సంతకం పెట్టు, దాంట్ల నేను పెడ్త" అన్నాడు సుందర్ రావు గారు. ఆయన గొంతులో మొదటిసారి మర్యాద వినిపించింది. వినడానికి అసహ్యంగా ఉంది.

"సార్, మెయిన్ బంద్ చేస్తే ప్రోగ్రాం పోదు."

"పోయింది గద."

"బ్యాటరీ తీస్తే పోయింది. మెయిన్ ప్రతి ఆదివారం బంద్ చేస్తాం. ఏ ఆదివారమైనా పోయిందా?"

"గదంత హెడ్డాఫీసుల ఎవలకు తెలుస్తది?"

"రాంచందర్‌కు తెలుస్తుంది. రెండో సంవత్సరం చదివే పిల్లలకు తెలుస్తుంది. దీని కింద నా పేరుంటే జీవితాంతం నన్ను చూసి నవ్వుతారు."

ఆయన ముందుకు వంగాడు. "విమలమ్మా, మొండయ్యకు నువ్వంటే గిట్టదు. మిల్లుల అందరికెర్క. వాడు పోతె నీకే నయం. ఇగ చెప్పు, నీకు నౌకరి కావాల్నా, మొండయ్య కావాల్నా?"

"మొండయ్య నాకెందుకు సార్? ఆయన్ను ఎవరూ కోరుకోరు. కానీ ఈ వాక్యం తప్పు."

నిజంగా నాకు అంతే అనిపించింది. పెద్ద మనసు ఏమీ పొంగుకు రాలేదు. ఇరవై రెండేళ్ళ మనిషి రోడ్డున పడతాడన్న ఆలోచన తర్వాత వచ్చింది, లూనా మీద పోతున్నప్పుడు. ఆ నిమిషంలో నన్ను ఆపింది ఆ వాక్యంలోని తెలివితక్కువతనమే. అబద్ధం చెప్పేవాడు కనీసం దాన్ని అతికేట్టు చెప్పాలి. నా చదువును ఇంత చవకగా లెక్కగడతాడా అని ఒళ్ళు మండింది. పెన్ను తీసి ఆ వాక్యం మొత్తం కొట్టేశాను. దాని కింద, జాతర సెలవుల్లో డబ్బాలోని బ్యాటరీని తీసివేసినందువల్ల ప్రోగ్రాం చెరిగిపోయింది, మెయిన్ బంద్ చేయడం మామూలుగా జరిగేదే, దానితో సంబంధం లేదు అని రాశాను. సంతకం పెట్టి, తేదీ వేశాను.

సుందర్ రావు గారు పర్మనెంటు ఉత్తరాన్ని తీసి సొరుగులో వేసుకున్నాడు.

"ఇయ్యాలటితోని నీ ఆర్నెల్లు అయిపోయినయి."

"తెలుసు సార్."

ఆ సాయంత్రం లూనా మీద పౌలుకు అంతా చెప్పాను.  "రేపటి నుంచి రావద్దని ఆయన అన్నాడా?" అని అడిగాడు.

"ఆ మాట అనలేదు. ఆర్నెల్లు అయిపోయినయి అన్నాడు."

"అయితే పో. గేటు దగ్గర ఆపేదాకా పో. నేను దింపుతా."

గురువారం పోయాను. హాజరు పుస్తకంలో నా పేరు మీద ఎర్రగీత ఉంది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ప్యానెల్ గదికి పోయి కూర్చున్నాను. ఆ రోజు ప్రెస్సు మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ నేనే చూశాను. సుందర్ రావు గారు రెండుసార్లు నా పక్కనుంచే నడిచి పోయి నన్ను చూడలేదు. మళ్ళీ ఫ్యానైపోయానన్నమాట. జీతం లేని ఫ్యాను. శుక్రవారం కూడా అంతే. ఇంట్లో మాత్రం ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర సరిగా పట్టలేదు. జనగామలో ముద్రలు కొట్టేవాడు గుర్తొచ్చాడు. వాడు కనీసం హాజరు పుస్తకంలో ఉన్నాడు.

శనివారం పొద్దున హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చిందని టైపిస్టు చెప్పింది. రెండు రోజులు మిల్లు ఎందుకాగిందో ఇంజనీరు సంతకంతో రిపోర్టు ఏదీ అని అడిగారట. ఇంజనీరు సంతకం లేకుండా పంపితే ఎందుకు లేదని అడుగుతారు. నా సంతకమున్నది పంపితే బ్యాటరీని ఎవరు తీశారని అడుగుతారు. సుందర్ రావు గారు పన్నెండింటిదాకా తన గదిలోనే ఉన్నాడు.

పన్నెండున్నరకు ప్యానెల్ గదికి వచ్చాడు. నా కోసం రావడం అదే తొలిసారి. లోపలికి వచ్చేముందు గడప దగ్గర ఆగి, తీగల వైపు భయంగా చూసి, చేతులు దగ్గరికి ముడుచుకుని వచ్చాడు. నాకు కొత్త రిపోర్టు ఇచ్చాడు. మిల్లు యాజమాన్యం ముందుజాగ్రత్తతో విలువైన బ్యాటరీని బయటికి తీసి భద్రపరచినందువల్ల ప్రోగ్రాం చెరిగిపోయిందని, దాన్ని సిబ్బంది తిరిగి ఎక్కించారని అందులో ఉంది. మొండయ్య పేరు లేదు. కిటికీ అరుగు లేదు, ఎండ లేదు, ఎండబెట్టినవాడు లేడు. తన తెలివితక్కువతనాన్ని ముందుజాగ్రత్త చేసుకున్నాడు. మూడు రోజులు ఆలోచించి రాసిన వాక్యం.

రెండుసార్లు చదివాను. కరెంటు లెక్కన చూస్తే తప్పు లేదు.

"మంచిగున్నదా?" అని అడిగాడు.

"ఇంకో వాక్యం రాయండి సార్. ప్రోగ్రాం ఎప్పటికీ చెరగకుండా ఉండే చిప్పు ఒకటి వస్తుంది. అది తెప్పించాలని రాయండి."

"అది అప్పుడే రాంచందర్ చెప్పిండు. అక్కర్లేదని నేనే అన్న."

"తెలుసు సార్."

ఆయన నా నోటుబుక్కును అట్టలాగా కాగితం కింద పెట్టుకుని, నిలబడే, ఆ వాక్యం రాశాడు. నేను సంతకం పెట్టాను. ఆయన జేబులోంచి మడిచిన ఉత్తరాన్ని తీసి స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయాడు. దాని మీద సంతకం ఉంది. తేదీ ఫిబ్రవరి పది. ఆ మూడు రోజులూ అసలు జరగనట్టే.

ఉత్తరం విప్పి చదివి, ఆ సంతకాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. అట్లాంటి మనిషి పెట్టిన సంతకానికి అంత సంబరపడినందుకు నా మీద నాకే చిన్నచూపు కలిగింది. అయినా మళ్ళీ చదివాను. పౌలు గేటు దగ్గరికి రావడానికి ఇంకా ఐదు గంటలుంది. ఇప్పుడే పరుగెత్తి హనుమకొండ పోయి ఆయన క్లాసు కిటికీలోంచి దీన్ని చూపించాలనిపించింది. కప్పలను కోస్తూ ఉంటాడు.

"ఓ బిడ్డా" అని మొండయ్య బయటనుంచి పిలిచాడు. "దూది అచ్చుడు బందైంది. నీ డబ్బా మల్ల అలిగింది. అత్తవా, కాయిదం సదువుకుంట నిలవడ్తవా?"

రిపోర్టు సంగతి ఆయనకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినా ఆయన అనే మాట అదే. పోయి చూశాను. దూదిని పసిగట్టే కన్ను ముందు ఒక దూది ఉండ ఇరుక్కుని ఉంది. డబ్బా తప్పేమీ లేదు. ఆ ఉండ మొండయ్య చేతికి అందే ఎత్తులోనే ఉంది, ఆయన దాని వైపే చూస్తున్నాడు.

"తీయరాదా కాకా, కనిపిస్తూనే ఉంది కదా."

"ఇంజనీరువు నువ్వు. నేనెందుకు ముడ్త?"

ఉత్తరాన్ని జాకెట్లో దోపుకుని, కాలి మడమలెత్తి, ఆ దూది ఉండను నేనే లాగేశాను. దూదిని మోసుకొచ్చే కన్వేయరు బెల్టు కదిలింది.